దేశం మారితే పిండి మారుతుంది: విదేశాల్లో బ్రెడ్ బేకర్‌గా నిలదొక్కుకోవడం

ప్యారిస్‌లో 1994 నుంచి ఏటా ఉత్తమ బాగెట్ (కర్రలా పొడవుగా ఉండే ఫ్రెంచ్ బ్రెడ్) పోటీ జరుగుతోంది. మొదటి బహుమతి 4,000 యూరోలు. అంతకన్నా పెద్ద గౌరవం ఇంకోటుంది: ఏడాది పొడుగునా ఫ్రాన్స్ అధ్యక్ష భవనానికి ఆ బేకరీ నుంచే బ్రెడ్ వెళ్తుంది. 2023లో గెలిచిన తర్షన్ సెల్వరాజా శ్రీలంక నుంచి 2006లో ఫ్రాన్స్‌కు వలస వెళ్లినవారు. 2010లోనూ మళ్లీ 2015లోనూ గెలిచిన జిబ్రిల్ బోడియన్ పుట్టింది సెనెగల్‌లో. బాగెట్ తమ సొంత ఆస్తి అనుకునే ఊళ్లో బయటివాళ్లు ఇలా గెలవడం చూస్తే, ఈ వృత్తిలో ఎక్కడ పుట్టామన్నది పెద్ద లెక్కలోకి రాదనిపిస్తుంది.

అది సగమే నిజం. ఆ పోటీలో రుచి చూడకముందే ప్రతి బాగెట్‌నూ కొలుస్తారు, తూస్తారు. 2023 నిబంధనల ప్రకారం పొడవు 50 నుంచి 55 సెంటీమీటర్లు, బరువు 250 నుంచి 270 గ్రాములు, ఉప్పు కిలో పిండికి 18 గ్రాములు. ఏ కొలత తప్పినా అది న్యాయనిర్ణేతల నోటిదాకా రాదు. ఓవెన్లో ఎంత నీరు ఆవిరైపోతుందో ముందే లెక్కగట్టి, పచ్చి ముద్దను ఆ మేరకు తూచి పెట్టగలిగినవాళ్లకే ఆ ఇరవై గ్రాముల సందులో చోటు. బేకర్ ఉద్యోగమంతా నిజానికి ఆ సందులోనే నడుస్తుంది. సెలవు రోజు తీరిగ్గా ఒక అందమైన సావర్‌డో (సహజంగా పులిసిన పిండితో చేసే పుల్లని బ్రెడ్) కాల్చి ఫొటో పెట్టడం వేరు. వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు వందల బ్రెడ్లు, మొదటిదీ చివరిదీ ఒకే తీరుగా తీయడం వేరు. అదీ పరాయి దేశపు పిండితో, అక్కడి చట్టానికి లోబడి. వలస వెళ్లాలనుకునేవాళ్లలో ఎక్కువమంది తమకు తెలిసిన బ్రెడ్ రకాల జాబితాను పెంచుకుంటారు. చివరికి వాళ్లను నిలిపేవీ ముంచేవీ ఈ రెండే: పిండి, చట్టం.

సంచి మీది అంకె

ఫ్రాన్స్‌లో పిండి సంచి మీద టీ55, టీ65, టీ80 అని ఉంటుంది. జర్మనీలో 550, 1050, 1150. రెండూ ఒకే సంగతి చెబుతాయి: పిండిని పూర్తిగా కాలిస్తే మిగిలే బూడిద ఎంత అన్నది. బూడిద ఎక్కువుంటే తవుడు భాగం ఎక్కువున్నట్టు. జర్మనీ 550 అంటే వంద గ్రాముల పిండికి సుమారు 550 మిల్లీగ్రాముల బూడిద; ఫ్రాన్స్ 55 దాదాపు దానికి దగ్గరిదే, సున్నా ఒక్కటే తేడా. ఇటలీ ‘00’ పిండి ఎంత మెత్తగా, తెల్లగా ఉందో చెబుతుంది తప్ప ఎంత బలమైనదో చెప్పదు. అమెరికాలో కొనేవాళ్లు చూసేది ప్రొటీన్ శాతం.

ఇది సంచి మీది రాతతో పోయే తేడా అయితే ఒక పట్టిక రాసుకుని సరిపెట్టుకోవచ్చు. అసలు తేడా గోధుమలోనే ఉంది. ఉత్తర అమెరికా గట్టి గోధుమల్లో ప్రొటీన్ ఎక్కువ, నీళ్లు బాగా తాగుతాయి. ఫ్రాన్స్ గోధుమ మెత్తనిది, ప్రొటీన్ తక్కువ. అమెరికన్ బ్రెడ్ పిండితో కిలోకు 800 గ్రాముల నీళ్లు పోసి హాయిగా పనిచేసిన చెయ్యి, అదే లెక్క టీ65కి వాడితే బల్ల మీద ముద్ద ఉండదు, జారుడు పిండి ఉంటుంది. దాన్ని మరింత మర్దించి దారికి తేవాలనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. నీళ్లు తగ్గించాలి, లేదా కొంత దాచిపెట్టి ఆఖర్లో కొద్దికొద్దిగా పోయాలి. రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచ్ ఆచార్యుడు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన ‘ఆటోలీజ్’ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. పిండి, నీళ్లు మాత్రమే కలిపి కాసేపు వదిలేస్తే గ్లూటెన్ (ముద్దను సాగేలా పట్టి ఉంచే ప్రొటీన్ వల) తనంతట తనే అల్లుకుంటుంది, మిక్సర్ తిరగాల్సిన సమయం తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్ బేకరీలు వేగంగా, ఎక్కువసేపు మర్దించి బ్రెడ్‌ను పాలిపోయేంత తెల్లగా, రుచిలేకుండా చేశాయన్నది కాల్వెల్ బాధ. నేటి చేతిపని బ్రెడ్ ఉద్యమం చాలావరకు ఆ బాధలోంచే పుట్టింది.

గోధుమ మీదే చేయి తిరిగినవారికి జర్మనీలో ఎదురయ్యే రై అనే ధాన్యపు పిండి ఇంకో లోకం. అందులో గ్లూటెన్ వల అల్లుకోదు. పెంటోసాన్లు అనే జిగురు పదార్థాలు నీటిని పట్టి ఉంచుతాయి. ముద్ద సాగదు, తడిసిన బంకమట్టిలా వేళ్లకు పట్టుకుంటుంది. పైగా రైలోని అమైలేజ్ ఎంజైమ్ ఓవెన్ వేడిలోనూ చాలాసేపు పనిచేస్తూ పిండిపదార్థాన్ని తినేస్తుంది. పులుపు దాన్ని అదుపు చేయకపోతే బ్రెడ్ లోపల జిగటగా, పచ్చిగా మిగులుతుంది. అందుకే అక్కడ సావర్‌డో ఫ్యాషన్ కొద్దీ వచ్చినది కాదు, ఆ ధాన్యానికి తప్పనిసరి. పేరు పెట్టడంలోనూ లెక్కే: ‘రోగెన్‌బ్రోట్’ (రై బ్రెడ్) అని అమ్మాలంటే పిండిలో కనీసం 90 శాతం రై ఉండాలి.

సావర్‌డో అంటే గుర్తొచ్చింది. సొంత స్టార్టర్‌ను (సావర్‌డోను పులియబెట్టే పాత పిండి ముద్దను) ఎండబెట్టి సూట్‌కేసులో పట్టుకెళ్లేవాళ్లున్నారు. మమకారం కొద్దీ అయితే అభ్యంతరం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో సావర్‌డోలో 1971లో గుర్తించిన బ్యాక్టీరియాకు ఆ ఊరి పేరే పెట్టారు. తర్వాత చూస్తే అదే జీవి యూరప్ నిండా ఉన్న స్టార్టర్లలో కనిపించింది. స్టార్టర్‌లో ఏం బతకాలో తేల్చేది రోజూ వేసే పిండి, వేడి, ఎన్ని గంటలకోసారి వేస్తున్నామన్నది. కొత్త దేశంలో అది కొత్తదైపోతుంది. ఉద్యోగమిచ్చే బేకరీకి ఎలాగూ తన స్టార్టర్ తనకుంటుంది.

నీళ్ల లెక్క

దేశం మారినా మారకుండా వెంట వచ్చేది లెక్క ఒక్కటే. బేకర్ల శాతాల్లో పిండి ఎప్పుడూ 100. నీళ్లు 70, ఉప్పు 2, స్టార్టర్ 20 అని కాగితం మీద రాస్తే, భాష రాని ఇద్దరు బేకర్లు ఒకే ముద్ద కలపగలరు. రెండోది ఉష్ణోగ్రత. ముద్ద మిక్సర్ నుంచి 24 డిగ్రీల దగ్గర బయటికి రావాలనుకుందాం. ఫ్రెంచ్ బేకరీల్లో దీనికి ఒక మూల సంఖ్య ఉంటుంది. మిక్సర్ రకాన్ని బట్టి, తిప్పే సమయాన్ని బట్టి అది మారుతుంది. ఒక బేకరీలో అది 54 అయితే, అందులోంచి గది వేడినీ పిండి వేడినీ తీసేస్తే నీళ్లు ఎంత వేడి ఉండాలో వస్తుంది. గది 22, పిండి 21 అయిన రోజున నీళ్లు 11 డిగ్రీలు. నడివేసవిలో గది 29, పిండి 26 అయిందా, జవాబు మైనస్ ఒకటి. అంటే నీళ్లలో కొంత భాగం ఐసుగా వేయాలి. ఇది చూడకుండా కుళాయి నీళ్లు పోస్తే ఆ రోజు ముద్ద గంట ముందే పొంగిపోతుంది. ఓవెన్ మాత్రం ఒకటే, దాని వరుస దానిది. వెనక రావాల్సిన రకాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. తెల్లవారుజామున బేకరీలో జరిగే గొడవల్లో సగం ఇక్కడ మొదలవుతాయి.

కొత్తగా చేరినవారిని ఓవెన్ దగ్గరికి వెంటనే పంపరు. మొదటి వారాల్లో తూకాలు, ట్రేలు, కడగడం, ముద్దను 900 గ్రాముల చొప్పున కోసి గుండ్రంగా చుట్టడం. తర్వాత షేపింగ్, ఆ పైన మిక్సర్, ఓవెన్. క్రోసాన్ పొరలు మడిచే పని వేరే బల్ల, వేరే చెయ్యి. ఫ్రాన్స్‌లో ఆ పనివాడికి ‘టూరియే’ అని ప్రత్యేకంగా పేరుంది. ఎక్కువ బేకరీలు ఉద్యోగం ఇచ్చేముందు ఒకటి రెండు షిఫ్టులు పని చేయించి చూస్తాయి. అక్కడ ఎవరూ బ్రెడ్ ఎంత అందంగా ఉందని చూడరు. బల్ల శుభ్రంగా ఉందా, కోసిన ముద్దలు ఒకే బరువున్నాయా, చెప్పకుండానే తర్వాతి పనికి చేయి వెళ్తోందా అని చూస్తారు.

బేకర్ అని ఎవరిని పిలవాలి

ఏ దేశానికి వెళ్లాలన్న ప్రశ్నకు జీతాల పట్టిక చూసి జవాబు వెతకడం మామూలే. దానికన్నా ముందు చూడాల్సింది, ఆ దేశంలో బేకర్ అనే మాటకు చట్టం ఏమైనా అర్థం ఇచ్చిందా అన్నది. అర్థం ఇచ్చిన చోట లోపలికి వెళ్లడం కష్టం, వెళ్లాక వృత్తికి విలువ ఉంటుంది. ఇవ్వని చోట పరీక్షలు ఉండవు కానీ వీసా గోడ ఎత్తుగా ఉంటుంది.

ఫ్రాన్స్ రెండు మెట్లలో అర్థం ఇచ్చింది. 1993 సెప్టెంబరు ఆదేశం ‘సంప్రదాయ ఫ్రెంచ్ బ్రెడ్’ అంటే ఏమిటో తేల్చింది: ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు, రసాయనాలు కలపకూడదు, గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టేందుకు ఈస్ట్ లేదా సావర్‌డో. చిక్కుడు జాతి గింజల పిండి 2 శాతం దాకా వంటి చిన్న మినహాయింపులున్నాయి. 1998 మే చట్టం దుకాణానికి సంబంధించింది. పిండి కలపడం, పులియబెట్టడం, చుట్టడం, కాల్చడం అమ్మే చోటే జరగకపోతే బోర్డు మీద ‘బులాంజరీ’ (బేకరీ) అని రాసుకోకూడదు. ఫ్యాక్టరీలో గడ్డకట్టించిన ముద్ద తెచ్చి కాల్చి అమ్మే దుకాణాలు పెరిగిపోవడమే దీని వెనకున్న కారణం. ఈ రెండింటి ఫలితం బయటినుంచి వచ్చే బేకర్‌కు సూటిగా తగులుతుంది: చట్టమే ప్రతి బులాంజరీలోనూ చేయి తిరిగిన మనిషి ఒకరు ఉండి తీరేలా చేసింది, కాబట్టి పనివాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

అక్కడి ప్రాథమిక అర్హత సీఏపీ బులాంజే. కుర్రాళ్లు మామూలుగా రెండేళ్లు చదువుతారు. వేరే వృత్తి మానుకుని వచ్చే పెద్దలకు ఏడాదిలోపు ముగిసే కోర్సులున్నాయి, రువాన్‌లోని జాతీయ బేకింగ్ సంస్థ ఐఎన్‌బీపీ అలాంటి శిక్షణకు పేరున్నది. పరీక్ష ప్రాక్టికల్‌లో గడియారం చూసుకుంటూ అనేక రకాలు తీయాలి, ప్రశ్నలకు జవాబులు ఫ్రెంచ్‌లోనే చెప్పాలి. విద్యార్థి వీసాతో వెళ్లినవారు ఏడాదికి 964 గంటల దాకా పని చేసుకోవచ్చు. భాష లేకుండా బయల్దేరితే మాత్రం ఫీజు కట్టి ప్రేక్షకుడిగా కూర్చున్నట్టే. తెల్లవారుజామున మిక్సర్ హోరులో వెనకనుంచి ఎవరో అరిచి చెప్పే మాట అర్థం కావాలి. తరగతి గదిలో నేర్చిన ఫ్రెంచ్ అక్కడికి చాలదు, అదైనా లేకపోతే అసలు కుదరదు.

జర్మనీ దారి పొడుగైనది, బహుశా బయటివారికి అన్నిటికన్నా నిజాయతీ గలది కూడా. మూడేళ్ల అప్రెంటిస్ శిక్షణ. బేకరీలో పని, మధ్యలో వృత్తి పాఠశాల. దీనికి వీసా ఉంది, మామూలుగా బీ1 స్థాయి (మధ్యస్థ స్థాయి) జర్మన్ అడుగుతారు, శిక్షణ కాలంలో భత్యం వస్తుంది. 2025లో మొదలుపెట్టినవారికి చట్టం నిర్ణయించిన కనీస మొత్తం తొలి ఏడాది నెలకు 682 యూరోలు, బేకరీ రంగపు ఒప్పందాల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ డబ్బుతో పెద్ద నగరంలో గది అద్దె కట్టుకోవడం కష్టమే. చిన్న ఊళ్లలో బతకొచ్చు, అప్రెంటిస్‌లు దొరక్క ఎదురుచూసేదీ ఆ ఊళ్లే. జర్మనీలో చేతిపని బేకరీల సంఖ్య తగ్గుతూ తగ్గుతూ 10,000 కిందికి వచ్చేసింది; మూతపడ్డ చాలా దుకాణాల్లో గిరాకీకి లోటు లేదు, పగ్గాలు అందుకునే మనిషి లేడు. శిక్షణ ముగిస్తే ‘గెజెల్లె’ అవుతారు. ఉద్యోగానికి అది చాలు. సొంతంగా బేకరీ పెట్టాలంటే సాధారణంగా ‘మైస్టర్’ (వృత్తిలో పై స్థాయి నిపుణుడు) పరీక్ష గట్టెక్కాలి, లేదా ఒక మైస్టర్‌ను పనిలో పెట్టుకోవాలి; అనుభవజ్ఞులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఇప్పటికే వేరే దేశపు సర్టిఫికెట్ ఉన్నవారు 2012లో వచ్చిన గుర్తింపు చట్టం కింద దాన్ని జర్మన్ అర్హతతో సరిపోల్చమని అడగవచ్చు. తేడా తేలిన భాగం మాత్రమే నేర్చుకుంటే సరిపోయే సందర్భాలుంటాయి.

కెనడాలో, ఆస్ట్రేలియాలో అంతా కాగితం మీద నడుస్తుంది. కెనడాలో బేకర్‌కు రెడ్ సీల్ అనే దేశవ్యాప్త ముద్ర ఉంది. పని గంటలు రుజువు చేసి, పరీక్షలో 70 శాతం తెచ్చుకోవాలి. ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ 3 స్థాయి కొలమానం. వలస అధికారుల వృత్తుల పట్టికలో అక్కడ బేకర్‌ది 351111, పేస్ట్రీ కుక్‌ది 351112. ఒక్క అంకె తేడా. పాత యజమాని మొహమాటానికి ‘మా దగ్గర బేకర్‌గా అన్ని పనులూ చేశారు’ అని రెండు వాక్యాల లేఖ ఇస్తే దానివల్ల ఒరిగేదేమీ లేదు. వారానికి ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పిండి కలపడమా, చుట్టడమా, ఓవెనా, రోజుకు ఎంత ఉత్పత్తి, జీతం బ్యాంకులో పడిందా, ఇవన్నీ ఉండాలి. ఉద్యోగం మానేసిన ఐదేళ్లకు ఇలాంటి లేఖ కోసం తిరగడం కన్నా మానేసే రోజునే తీసుకోవడం తేలిక. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఆగిపోయే దరఖాస్తులు తక్కువేమీ ఉండవు.

బ్రిటన్, అమెరికాల కథ వేరు. 1961లో బ్రిటన్‌లోని చోర్లీవుడ్‌లో పరిశోధకులు రూపొందించిన పద్ధతి, అతివేగపు మిక్సర్‌తో కొద్ది నిమిషాల్లో ముద్దను సిద్ధం చేసి, గంటలు పట్టే పులియబెట్టడాన్ని దాదాపు ఎత్తేసింది. బలహీనమైన స్థానిక గోధుమతోనే చవకైన మెత్తటి బ్రెడ్ వచ్చింది, చిన్న బేకరీలు వేల సంఖ్యలో పోయాయి. ఇవాళ అక్కడ ‘ఆర్టిసన్’ (చేతిపని) మాటకు గానీ ‘సావర్‌డో’కు గానీ చట్టంలో నిర్వచనం లేదు, రియల్ బ్రెడ్ క్యాంపెయిన్ అనే ప్రచార సంస్థ 2008 నుంచి దానిపై పోరాడుతోంది. ఎవరైనా బేకర్ అని చెప్పుకోవచ్చు. కానీ 2025 జూలై నుంచి నైపుణ్య ఉద్యోగ వీసాను ప్రధానంగా డిగ్రీ స్థాయి పనులకే పరిమితం చేయడంతో కొత్తగా వచ్చే బేకర్‌కు ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. అమెరికాలోనూ బేకర్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఉపాధి ఆధారంగా గ్రీన్‌కార్డు అడిగే వరుసలో రెండేళ్లకు తక్కువ శిక్షణ చాలే పని అంటే ఒక వర్గం, రెండేళ్లు కావాలంటే మరో వర్గం. యజమాని బేకర్ ఉద్యోగాన్ని ఎలా వర్ణించాడన్నదాని మీద ఏళ్ల నిరీక్షణ ఆధారపడుతుంది. చిన్న బేకరీ యజమానులు ఆ ఖర్చుకూ తంటాకూ ఒప్పుకోవడం అరుదు.

ఒంటికి తగిలే దెబ్బ

ఈ వృత్తి గురించి అందంగా రాసేవాళ్లు రాయనిది ఊపిరితిత్తుల సంగతి. బేకర్లకు పిండి దుమ్ము చేసే హానిని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే నమోదు చేశాడు. ఇప్పటికీ వృత్తిపరమైన ఉబ్బసాల్లో బేకర్ల ఉబ్బసం ముందు వరుసలో ఉంటుంది. గోధుమ ప్రొటీన్లు, పిండిలో కలిపే శిలీంధ్రపు అమైలేజ్ ఇందుకు ముఖ్య కారకాలు. ఒక్కసారిగా రాదు. మొదట తుమ్ములు, కళ్ల దురద. సెలవు రోజున తగ్గిపోతాయి, పనిలోకి రాగానే మళ్లీ మొదలు. ఆ లయను జలుబు అని కొట్టిపారేయకుండా మొదట్లోనే వైద్యుడికి చెప్పినవారు వృత్తిలో మిగులుతారు. సంచిని ఎత్తునుంచి కుమ్మరించకుండా అంచు ఆనించి నెమ్మదిగా ఒంపడం, మిక్సర్‌ను మూత వేసి తక్కువ వేగంలో మొదలుపెట్టడం, నేలను చీపురుతో కాకుండా వాక్యూమ్‌తో శుభ్రం చేయడం ఇవన్నీ చిన్న అలవాట్లే. వీటిని పట్టించుకోని బేకరీలో ట్రయల్ షిఫ్టు చేస్తే అది మొదటి గంటలోనే తెలిసిపోతుంది. 25 కిలోల సంచులు, నడుము, నిద్ర గురించి వేరే చెప్పక్కర్లేదు.

నిద్ర విషయంలో ఒక మార్పు మాత్రం మేలు చేసింది. జర్మనీలో 1915లో వచ్చిన రాత్రి బేకింగ్ నిషేధం 1996 దాకా కొనసాగింది. అది పోయాక పని మళ్లీ అర్ధరాత్రికి జరిగింది. కానీ చుట్టిన ముద్దలను 4 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా పులియనిచ్చే శీతల గదులు వచ్చాక, పగలు కలిపి చుట్టి, తెల్లవారాక కాల్చడం సాధ్యమైంది. రుచీ పెరుగుతుంది. ఉద్యోగం వెతికేటప్పుడు జీతంతో పాటు షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

సొంత దుకాణం

బ్రెడ్‌లో సరుకు ఖర్చు తక్కువ, మనిషి ఖర్చు ఎక్కువ. నెమ్మదిగా పులిసే బ్రెడ్‌కు గంటలు ఇంకా ఎక్కువ. అందుకే చాలా చేతిపని బేకరీలను నిలబెట్టేది క్రోసాన్లు, కాఫీ. బ్రెడ్ పేరు తెస్తుంది. జీతం పెరగాలనుకునే బేకర్ టూరియే పని కూడా నేర్చుకోవడం ఇందుకే తెలివైన పని.

కొందరు ఇంటి ఓవెన్ లేదా చిన్న డెక్ ఓవెన్‌తో మైక్రో బేకరీ మొదలుపెడతారు, వారానికి రెండు రోజులు, ముందే ఆర్డరు తీసుకుని. పెట్టుబడి తక్కువ, అమ్ముడుపోక మిగిలే బ్రెడ్ ఉండదు. వలసదారులకు ఇక్కడ కనపడని మెలిక ఒకటుంది: ఒక యజమాని పేరు మీద వచ్చిన పని వీసా చాలా దేశాల్లో సొంత వ్యాపారానికి అనుమతి ఇవ్వదు. ఆహార శాఖ దగ్గర వంటగది నమోదు చేయించుకున్నా, వీసా షరతు దాటితే నివాస హక్కుకే ముప్పు. శాశ్వత నివాసం వచ్చేదాకా ఆగడమో, వీసా మార్చుకోవడమో ముందు తేల్చుకోవాలి, ఓవెన్ తర్వాత కొనుక్కోవచ్చు.

దుకాణం తెరిచాక రోజు ముగిసేది అరల దగ్గర. ఏ రకం ఎన్ని మిగిలాయి, ఏది పదకొండు గంటలకే అయిపోయింది, బయట వాన పడిందా అన్నది మూసేముందు ఒక కాగితం మీద రాసుకుంటారు. మర్నాడు మిక్సర్‌లో ఎన్ని కిలోల పిండి పడాలో ఆ కాగితం చూసే తూస్తారు.